5 లక్షల్లో పాత జిప్సీయో జీపో కొని ఆఫ్‌రోడ్ బండి చేయొచ్చా? మూడు చూశా, ఏదీ తేలట్లేదు

మట్టిరోడ్డు
ఉండేది హైదరాబాద్, ఊరు రాజమండ్రి దగ్గర. మారేడుమిల్లి, గుడిస వెళ్లిన ప్రతిసారీ నా స్విఫ్ట్‌ని కింద వదిలేసి ఎవరి జీపులోనో వెనక ఇరుక్కుని పైకెళ్లడం, నడుం పట్టుకుని దిగడం, ఐదేళ్లుగా ఇదే తంతు. ఈసారి సొంతంగా ఒకటి కొనాల్సిందే. బడ్జెట్ 5 లక్షలు, బండి, రిపేర్లు, టైర్లు అన్నీ కలిపి. (ఇంట్లో చెప్పింది 4.)

చూసినవి మూడు. 1998 జిప్సీ కింగ్, 31 ఇంచుల టైర్లు, లిఫ్ట్ చేసుంది (ఎత్తు పెంచారు), ముందు ఇనప బంపర్, పైన వరసగా లైట్లు, 3.4 చెప్తున్నాడు. రెండోది మిలిటరీ డిస్పోజల్ జీపు, 1.6 మాత్రమే, కాగితాలు తర్వాత చేయించి ఇస్తానంటున్నాడు బ్రోకరు. మూడోది 2011 బొలేరో, టూ వీల్ డ్రైవ్, మా పెదనాన్న స్నేహితుడిది, 2.8కి ఇస్తారట. మనసంతా జిప్సీ మీదే ఉంది, ఫొటోలు చూస్తూ నిద్రపోతున్నా. ఏం చేయమంటారు?

ఆర్సీబుక్
ముందు రెండోది కొట్టేయ్. "కాగితాలు తర్వాత" అన్నవాడు తర్వాత ఫోనే ఎత్తడు.

కమాన్‌కట్ట
ఫొటోలు చూస్తూ నిద్రపోయావంటే బేరం అయిపోయినట్టే బ్రో, నీది కాదు, వాడిది 😂

జిప్సీబాబాయ్
31 ఇంచుల టైర్లు అనగానే నాకు భయమేసింది. 98 కింగ్ అంటే కార్బురేటర్ 1.3 ఇంజిను, 60 హెచ్‌పీ. కంపెనీ ఇచ్చిన టైరు 205/70 ఆర్15, దీనికన్నా చాలా చిన్నది. ఆ ఇంజిన్ ఈ 31ని తిప్పాలంటే గేర్ రేషియోలు మార్చాలి, మార్చాడా అని అడుగు. మార్చకపోతే ఘాట్‌లో సెకండ్ గేర్‌లో ఏడుస్తుంది, క్లచ్ ప్లేటు ఏడాదికోటి పోతుంది, స్పీడోమీటర్ కూడా తక్కువ చూపిస్తుంది. ఫొటోలో మాత్రం పులిలా ఉంటుంది.

మట్టిరోడ్డు
గేర్ రేషియో అడిగా బాబాయ్, "అన్నీ చేయించాం సార్" అన్నాడు.

జిప్సీబాబాయ్
బిల్లు అడుగు. "అన్నీ" అనేది ఏ షాపులోనూ అమ్మరు.

లో_రేంజ్
అన్నా నేనైతే ఇంకో లక్షన్నర జమజేస్కొని పాత థార్ సీఆర్‌డీఈ, గా డీజిల్‌ది, తీస్కోమంటా. 105 హెచ్‌పీ, లాగుడు 247 ఎన్ఎం, ఏసీ ఉంటది, పిల్లలతోని పోవచ్చు. 2015 ఫేస్‌లిఫ్ట్ తర్వాతదైతే వెనక యాక్సిల్ హౌసింగ్‌ల మెకానికల్ లాకర్ గూడ వస్తది, ఒక చక్రం గాల్లకు లేచి ఉత్తగ తిరిగితే దానంతట అదే లాక్ అయితది. జిప్సీల గా ముచ్చటే లేదు. వికారాబాద్ అడవి దిక్కు నేను రెండు సంవత్సరాల సంది తిప్పుతున్న, ఒక్కసారి తాడు కట్టిచ్చుకోలే.

జిప్సీబాబాయ్
తమ్ముడూ, నీ థార్ బరువెంత? టన్నున్నర పైనే. జిప్సీ టన్ను. బురదలో లాకర్ కన్నా బరువు తక్కువుండటమే పెద్ద లాకర్. ఇంకో విషయం, ఆయన 5 అంటే నువ్వు 6.5 అంటున్నావ్. ఇలా లక్షన్నర లక్షన్నర కలుపుకుంటూ పోతే కొత్త మారుతి జిమ్నీ దగ్గర తేలతాం.

లో_రేంజ్
జిమ్నీ 2023ల వచ్చినప్పుడే 12.74 లక్షలు బాబాయ్, ఎక్స్ షోరూమ్. గా దాక పోలే నేను 🙏

పాడేరుజీపు
టూ వీల్ డ్రైవ్ అని బొలేరోని తీసిపారేస్తున్నారు అందరూ. మా నాయిన పాడేరు రూట్లో ఇరవై రెండేళ్లు కమాండర్ జీపు తోలాడు. టూ వీలే. సంత రోజు లోపల పదిహేను మంది, వెనక మెట్టు మీద నలుగురు, పైన బస్తాలు, కోళ్లు, ఒకోసారి మేక. చినుకులు పడ్డ ఎర్రమట్టి ఘాట్లో ఎక్కించేవాడు. కిటుకేంటంటే వెనక ఒక కుర్రాడుంటాడు, చేతిలో రాయి. బండి ఆగిందంటే దూకి వెనక చక్రం కింద రాయి పెట్టేస్తాడు, నాయిన క్లచ్ సర్దుకుని లాగుతాడు, కుర్రాడు రాయి తీసుకుని పరిగెత్తి మళ్లీ ఎక్కుతాడు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ రాయి కుర్రాడిని నేనే. ఇప్పటికీ ఎడం చేతి బొటనవేలు గోరు సరిగ్గా రాదు.

కమాన్‌కట్ట
అది ఫోర్ వీల్ డ్రైవే అన్నా, రెండు బండివి, రెండు నీవి.

పాడేరుజీపు
😄 నిజమే. కానీ వెనక బరువుంటే టూ వీల్ కూడా ఎక్కుతుంది అని చెప్తన్నాను. ఖాళీ బొలేరో వేసుకెళ్తే మాత్రం వెనక తేలిపోద్ది, తడి మట్టిలో అక్కడే తిరుగుద్ది.

లో_రేంజ్
ఎక్కుడు కాదన్నా కష్టం, దిగుడు. లో రేంజ్ ఫస్ట్ గేర్‌ల పెట్టి బ్రేక్ మీద కాలు పెట్టకుంట దిగుతుంటే ఉండే ధీమా టూ వీల్‌ల రాదు. బురద జారుడుల బ్రేక్ కొడితే చక్రం లాక్ అయితది, బండి దాని ఇష్టమొచ్చిన దిక్కు పోతది. టూ వీల్‌ల లో రేంజే ఉండదు గదా.

మట్టిరోడ్డు
లో రేంజ్ అంటే సరిగ్గా ఏంటో నాకు ఇప్పటికీ క్లియర్ లేదు, అడగడానికి సిగ్గేసింది ఇన్నాళ్లు.

లో_రేంజ్
సిగ్గెందుకు. గేర్‌బాక్స్ ఎనక ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఇంకో డబ్బా ఉంటది. దాని పని రెండు. ఒకటి ముందు చక్రాలకు గూడ పవర్ పంచుడు. రెండోది, చిన్న లివర్‌తోని లో ల పడేస్తే బండి వేగం దాదాపు సగానికి పడిపోతది, లాగుడు దాదాపు రెండింతలు అయితది. మనిషి నడిచినంత స్పీడుల రాళ్ల మీద నుంచి పాకిచ్చుకోవచ్చు, క్లచ్ కాలకుంట. తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్‌ల పెట్టి మలుపు తిప్పకు, ముందు ఎనక చక్రాలు ఒక్క లెక్కల తిరగవు గాబట్టి లోపల బిగుసుకపోయి క్రాస్‌లు, గవే రాడ్ల జాయింట్లు, ఇరుగుతయ్.

మట్టిరోడ్డు
ఇంత బాగా ఎవరూ చెప్పలేదు అన్నా. సరే, డిస్పోజల్ జీపు గురించి ఆర్సీబుక్ గారు ఇంకొంచెం చెప్పండి, 1.6 అంటే ఆశగా ఉంది.

ఆర్సీబుక్
ఆశ ఉంటుంది, అందుకే దానికి వ్యాపారం నడుస్తోంది. ఆర్మీ బండికి మామూలు ఆర్సీ ఉండదు. దాని నంబరే వేరు, పైకి చూసే బాణం గుర్తుతో మొదలవుతుంది. పక్కన పెట్టిన బండ్లని వేలం వేస్తారు, ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ ఈ-వేలంలో లాట్లు లాట్లుగా పోతుంటాయి. పాడుకున్నవాడికి అమ్మకం కాగితాలొస్తాయి, ఆ ఒరిజినల్స్ పట్టుకుని ఆర్టీవోలో కొత్తగా రిజిస్టర్ చేయించాలి. ఆ కాగితాల్లో చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీదున్న వాటితో అక్షరం తేడా లేకుండా కలవాలి. మధ్యలో నాలుగు చేతులు మారి, ఒక చేతిలో కాగితం పోతే అది బండి కాదు, తుక్కు. 1.6 పెట్టి తుక్కు కొంటావా?

ఇంకోటి, ప్రభుత్వ ఆఫీసుల పాత బొలేరోలు, జిప్సీలు చవగ్గా వస్తున్నాయని ఎవరైనా చెప్తే అదీ చూసుకో. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బండ్లకి 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ లేదు, తుక్కుకే పోవాలి.

కమాన్‌కట్ట
ఆర్సీబుక్ చెప్పింది మా ఇంట్లో జరిగింది. మా బావ పంజాబ్ వైపు నుంచి ఓపెన్ జీపు లారీ మీద తెప్పించాడు, చూడటానికి పెళ్లికొడుకులా ఉంది. ఆర్సీ కూడా ఇచ్చారు, కాకపోతే ఆ ఆర్సీ ఇంకో జీపుది. చాసిస్ మీద నంబరు ఉన్నచోట గ్రైండింగ్ చేసి రంగేశారు, మాకెవరికీ తట్టలేదు. బదిలీకి వెళ్తే ఇన్‌స్పెక్టర్ గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూసి, మా బావ మొహం చూశాడు. అంతే. అది ఇప్పుడు మామిడితోటలో ఉంది, దాంట్లో కోళ్లు పడుకుంటాయి. ఆఫ్‌రోడ్ అంటే ఆఫ్‌రోడే, నాలుగేళ్లయింది రోడ్డెక్కి.

కడపరాయి
పెళ్లికొడుకులా ఉందంట 🤣 కోళ్లకు ఏసీ పెట్టించినాడా మీ బావ?

డల్లాస్_దొరబాబు
ఇక్కడ నేను 99 చెరొకీ, 4.0 ఇంజిన్ ఉన్నది, పక్కూరి ముసలాయన దగ్గర కొన్నా. టైటిల్ కాగితం మీద సంతకం పెట్టి తాళాలు చేతిలో పెట్టాడు, పావుగంట పని. మీ పోస్టులు చదువుతుంటే బండి కన్నా కాగితాలకే ఎక్కువ ఆఫ్‌రోడింగ్ అవసరమనిపిస్తోంది. కానీ ఇక్కడైనా అక్కడైనా ఒకటే, ముందు కింద పడుకుని చూడాలి. చలి ప్రాంతాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడి బండ్ల అడుగంతా తినేసి ఉంటుంది.

జిప్సీబాబాయ్
మన ఉప్పు విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలిలోనే ఉంది దొరబాబూ. సరే, తమ్ముడు ఎలాగూ ఆ జిప్సీ చూడకుండా ఉండడు కాబట్టి రాస్తున్నా, వెళ్లేటప్పుడు ఫోన్‌లో పెట్టుకో.

జేబులో అయస్కాంతం, స్క్రూడ్రైవర్, టార్చి వేసుకో. పొద్దున్నే వెళ్లు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమను, ముందే వేడిచేసి పెడితే అనుమానించు. కాసేపు తిరిగాక ఆయిల్ పోసే మూత తీసి చూడు, అక్కడ గుప్పుగుప్పున పొగ తంతోందంటే ఇంజిన్ బోరుకొచ్చినట్టే. ఇంజిన్ చూసి భయపడకు కానీ, జిప్సీ ఇంజిన్ పనికి సామాను దొరుకుతుంది. భయపడాల్సింది తుప్పుకి. మ్యాట్లు ఎత్తించు, డ్రైవర్ కాళ్ల దగ్గర, వెనక సీట్ల కింద, అద్దం ఫ్రేమ్ అడుగున, చాసిస్ మీద వెనక కమాన్ కట్టలు తగిలించే చోట. అయస్కాంతం అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది.

ముందు చక్రాల వెనక గుండ్రటి గిన్నెల్లాంటివి ఉంటాయి, స్టీరింగ్ తిరిగేది వాటి మీదే. అక్కడ నూనె, గ్రీజు కలిసి కారుతుంటే సీళ్లు పోయినట్టు. చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపు, టకటకలాడితే బేరింగులు పోయాయి, అరవై దాటాక స్టీరింగ్ నీ చేతులు వదిలేసి తనే డాన్స్ చేస్తుంది. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్‌కి అతుక్కుని ఉండదు, మధ్యలో చిన్న జాయింట్ రాడ్ ఉంటుంది, దాని రబ్బర్లు పోతే యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా ఠంగుమంటుంది, అది చిన్న ఖర్చే. ఆఖర్న మట్టి మీదకి తీసుకెళ్లి ఫోర్ వీల్ వేసి, లో వేసి, నీ కళ్లతో ముందు చక్రాలు లాగడం చూడు. తారు రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ అంటే పెళ్లిచూపుల్లో కాఫీ తాగి రావడమే.

కమాన్‌కట్ట
బాబాయ్ పోస్ట్ ప్రింట్ తీసి ఫ్రేమ్ కట్టించాలి.

మట్టిరోడ్డు
వెళ్లొచ్చా. శామీర్‌పేట దాటాక ఎవరిదో ఫామ్‌హౌస్. బండి చూడగానే కాళ్లు వణికాయి, అంత బాగుంది, ఆలివ్ గ్రీన్, మ్యాట్ ఫినిష్. బాబాయ్ చెప్పినట్టు ఏడింటికే వెళ్లా, బానెట్ మీద చెయ్యి పెడితే అప్పటికే వేడిగా ఉంది. బ్రోకర్ "పొద్దున ఇప్పుడే పాలకి వెళ్లొచ్చాం సార్" అన్నాడు, 31 ఇంచుల టైర్లతో పాలకి.

అయస్కాంతం డోర్ కింద పెట్టా, జారి కింద పడింది. ఇంకోచోట పెట్టా, పడింది. మూడోసారి బ్రోకరే తీసి ఇచ్చాడు. మ్యాట్ ఎత్తమంటే అంటించేశాం సార్ అన్నాడు, ఒక మూల పట్టుకుని లాగితే కింద కొత్త తారు పూత మెరుస్తోంది. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా కూడా కాదు, ఊరికే ఒత్తా. దిగింది. పిడి దాకా దిగింది. తీసి ఆ కన్నంలోంచి చూస్తే కింద గడ్డి కనపడింది, గడ్డిలో ఒక సోడా మూత కూడా కనపడింది. నేనూ బ్రోకరూ ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

ఫోర్ వీల్ వేయమంటే "ఇప్పుడు మనం బురదలో లేం కదా సార్" అన్నాడు. లివర్ నేనే లాగా, కదల్లేదు.

జిప్సీబాబాయ్
సోడా మూత 😂😂 ఎంతకి దిగాడు?

మట్టిరోడ్డు
నేను కారెక్కేలోపు 3.4 నుంచి 2.1కి వచ్చాడు. ఒక్క నిమిషం ఆగా, నిజం చెప్తున్నా.

జిప్సీబాబాయ్
ఆగకపోతే మనిషివి కాదు. వదిలేసి మంచి పని చేశావ్. బాడీ టబ్ మొత్తం మార్చాలి దానికి, ఆపైన టింకరింగ్, పెయింట్, 2.1కి ఇంకో 2 తోడు.

ఆర్సీబుక్
అన్నట్టు ఆ ఇనప బంపర్ ఉంది చూడు, బుల్ బార్‌లు వద్దని 2017 డిసెంబర్‌లోనే కేంద్రం చెప్పింది. లిఫ్ట్, సైజు మార్చిన టైర్లు కూడా అంతే, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పుంది. ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడు అవన్నీ విప్పాలి. అందుకే బిల్డ్ చేసిన బండి కన్నా కంపెనీ ఫిట్టింగ్‌తో ఉన్న బండి కొనడం మేలు. ఎవడో పెట్టిన దానికి డబ్బులిచ్చి, మళ్లీ విప్పడానికి ఇంకోడికి ఇవ్వడం ఎందుకు.

లో_రేంజ్
ఆర్సీబుక్ అన్న, గట్లయితే మేమందరం దొంగలమే గదా 🙈

ఆర్సీబుక్
నేనేం అనలేదు, నువ్వే అన్నావ్.

డల్లాస్_దొరబాబు
ఢిల్లీలో పాత డీజిల్ బండ్లు చాలా చవకంట కదా, అక్కడ్నించి తెచ్చుకోకూడదా?

ఆర్సీబుక్
చవకే. అక్కడ డీజిల్‌కి 10, పెట్రోల్‌కి 15 ఏళ్ల గోల ఉంది కాబట్టి వదిలించుకుంటారు. కానీ అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) రావాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి, పోలీస్ క్లియరెన్స్, రవాణా. అన్నీ కలిపితే తేడా పెద్దగా మిగలదు. 5 లక్షల వాడికి ఆ తిప్పలొద్దు.

కడపరాయి
ఇన్నొద్దులే గానీ, నా మాట ఇను అన్నా. మా మామ వాళ్ల ఊరు పులివెందుల పక్కన, అక్కడొక పెద్దాయన దగ్గర 2008 జిప్సీ ఉండాది. ఎంపీఎఫ్ఐ, అంటే కార్బురేటర్ లేనిది, 80 హార్స్‌పవర్ది. ఏపీ04 నంబరు, ఫస్ట్ ఓనర్. చీనీ తోటకు పొయ్యేకి వాడుతుండె, మోకాళ్ల నొప్పులతో ఎక్కలేక షెడ్డులో పెట్టేసినాడు. ఆర్సీ అయిపోయి ఏడాదిన్నర అయితాంది. లైట్లు లేవు, బంపర్ లేదు, పైన టార్పాలిన్ చినిగింది, టైర్లు పగుళ్లు. సూడ్డానికి ఏం బాగుండదు. కానీ మా ఊర్లో తుప్పు పట్టేకి వానలు యాడ పడతాయప్పా.

జిప్సీబాబాయ్
పరిగెత్తు తమ్ముడూ. నువ్వు వెళ్లకపోతే నేను వెళ్తా.

ఆర్సీబుక్
వెళ్లే ముందు నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొట్టు, ఫైనాన్స్ ఉందేమో, చలాన్లు ఉన్నాయేమో తెలుస్తుంది. 15 ఏళ్లు దాటి 20 లోపున్న కారుకి రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000, లేటైనందుకు నెలకి 500 చొప్పున, ఏడాదిన్నరకి 9,000. గ్రీన్ టాక్స్, ఇన్సూరెన్స్ వేరే. రెన్యువల్ ఆయన పేరు మీదే పూర్తి చేయించి, అప్పుడు 29, 30 ఫారాలతో నీ పేరుకి మార్చుకో. ఖర్చు నువ్వు పెట్టుకో, పని మాత్రం ఆ వరసలో జరగాలి. రాజమండ్రి అడ్రస్ ఉంది కదా, ఏపీలోనే ఉంచితే ఎన్‌ఓసీ, తెలంగాణ టాక్స్ గొడవ లేదు. హైదరాబాద్‌లోనే 12 నెలలు దాటి తిప్పితే మాత్రం ఇక్కడికి మార్చాల్సిందే.

మట్టిరోడ్డు
బండి ఊళ్లోనే ఉంటుంది సార్, మా అపార్ట్‌మెంట్లో స్విఫ్ట్‌కే చోటు లేదు.

మట్టిరోడ్డు
(నెలన్నర తర్వాత) కొన్నా!! 2.35కి. పెద్దాయన 2.5 అన్నారు, నేను బేరం ఆడబోతే "నువ్వు కింద పడుకొని సూసినావు సామీ, ఇంతవరకు వచ్చినోళ్లెవురూ పడుకోలే" అని ఆయనే 15 తగ్గించారు. స్క్రూడ్రైవర్ ఎక్కడా దిగలేదు. అయస్కాంతం అంటుకుంటే పీకడానికి గోళ్లు నొప్పెట్టాయి. రెండున్నర లీటర్ల కుళ్లిపోయిన పెట్రోల్ ట్యాంకులోంచి తీశాం, ట్యాంకు లోపల మాత్రం తుప్పుంది, కడిగించా.

ఖర్చు అడుగుతారు కాబట్టి, ఆర్సీ, ఇన్సూరెన్స్, ఏజెంటు అన్నీ కలిపి 31 వేలు. క్లచ్ సెట్, బ్రేకులు నాలుగూ, ముందు గిన్నెల సీళ్లు, కమాన్ కట్టల బుష్‌లు, రేడియేటర్ పని విజయవాడ ఆటోనగర్‌లో 46 వేలు. ఐదు టైర్లు, బాబాయ్ తిడతారని 215/75 ఆర్15 ఏటీలే (మట్టికీ తారుకీ పనికొచ్చేవి) వేశా, 36 వేలు. టాప్ కొత్తది 14. తాడు, అది తగిలించే షాకిళ్లు, గాలి కొట్టే చిన్న కంప్రెసర్ 9. లిఫ్ట్ లేదు, లైట్లు లేవు.

జిప్సీబాబాయ్
మొత్తం 3.71. ఇంట్లో చెప్పిన 4 లోపే అయిందిరా అబ్బాయ్! మట్టిలోకి దిగగానే టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దించు, ఏ లిఫ్ట్ కిట్టూ చేయని పని అది చేస్తుంది. తిరిగి తారెక్కే ముందు కొట్టుకో, మర్చిపోకు.

లో_రేంజ్
తాడు కట్టేటప్పుడు చాసిస్ హుక్‌కే కట్టన్నా, బంపర్‌కు కడితే బంపరే వస్తది బండి రాదు. వికారాబాద్ దిక్కు వస్తే చెప్పు, థార్‌తోని గుంజుతా 😎

కమాన్‌కట్ట
చూద్దాం ఎవరు ఎవర్ని గుంజుతారో.

మట్టిరోడ్డు
నిన్న గుడిస వెళ్లొచ్చా. లో రేంజ్ సెకండ్‌లో, యాక్సిలరేటర్ మీద కాలు ఊరికే ఆనించి, పైదాకా. ఐదేళ్లు వెనక సీట్లో కూర్చుని మొక్కుకున్న ఒక రాతి మలుపు ఉంది, అక్కడ ఆపి టీ తాగాం. ఒకటే సమస్య, హ్యాండ్ బ్రేక్ సరిగ్గా పట్టట్లేదు, ఏటవాలులో ఆపితే మెల్లగా వెనక్కి జారుతోంది. ఆటోనగర్ మేస్త్రీ అడ్జస్ట్ చేశానన్నాడు కానీ.

పాడేరుజీపు
రాయి ఎవరు పెట్టారు?

మట్టిరోడ్డు
మా బామ్మర్ది. ఇంటికొచ్చాక బొటనవేలికి ఐస్ పెట్టుకుని కూర్చున్నాడు.